చలికాలమంతా నిలిపిన మజిల్ కారును స్టార్ట్ చేసే ముందు

అమెరికాలోని మిషిగన్‌లో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పును కడిగేంత వాన రెండు మూడుసార్లు పడ్డాక, నవంబరు నుంచి గ్యారేజీల్లో ముసుగు కప్పి ఉంచిన పాత మజిల్ కార్లు (పెద్ద ఇంజను ఉన్న అమెరికన్ బండ్లు) ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అలా రావలసిన 1970 డాడ్జ్ ఛాలెంజర్ ఆర్/టి ఒకటి పోయిన ఆదివారం మా వీధిలో గ్యారేజీలోనే కాలిపోయింది. 440 క్యూబిక్ అంగుళాల ఇంజను, దాని మీద వరసగా మూడు హోలీ కంపెనీ కార్బురేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపేవి), 390 హార్స్‌పవర్, నేరేడుపండు రంగు. విడిభాగాల కోసం ఏళ్ల తరబడి వెతికి, పునరుద్ధరించిన బండి. ఇల్లు దక్కింది. యజమాని కుడిచేయి మణికట్టు దాకా కాలింది, బానెట్ మీది రంగు అప్పడంలా పొంగిపోయింది. దీనికంతటికీ మూలం మంచినీళ్ల సీసాలో పట్టుకొచ్చిన గుక్కెడు పెట్రోలు.

బ్యాటరీ, ఆయిలు, కూలెంటు సంగతులు ఈ బండ్లు ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ప్రధానంగా ఒక్కటే: ఎయిర్ క్లీనర్ తీసేసి, కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసి, సెల్ఫ్ కొట్టవద్దు.

తెలిసినవారు కూడా ఈ పని ఎందుకు చేస్తారంటే, ఈ బండ్లలో కార్బురేటర్‌కు పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెకు గాలి ఆడే దారి తెరిచే ఉంటుంది కాబట్టి నెలల తరబడి నిలిపితే అందులోని పెట్రోలంతా ఆవిరైపోతుంది. పెట్రోలు పంపు క్యామ్‌షాఫ్ట్‌తో నడుస్తుంది కనుక ఇంజను తిరిగితే తప్ప ట్యాంకు నుంచి చుక్క రాదు. అరనిమిషం సెల్ఫ్ కొట్టినా బండి అందుకోదు, బ్యాటరీ నీరసిస్తుంది, మనిషికి విసుగొస్తుంది. మన ఊళ్లలో ప్లగ్గు రంధ్రంలో నాలుగు చుక్కలు వేసి మోటారు సైకిలు కిక్కు కొట్టిన అలవాటు ఉన్నవారికి ఇది తప్పని కూడా అనిపించదు. కానీ ఒక వాల్వు సరిగా మూసుకోకపోయినా, టైమింగు కాస్త తప్పినా సిలిండర్‌లో పుట్టిన మంట ఇన్‌టేక్ గొట్టాల గుండా వెనక్కి తన్నుతుంది. ఎయిర్ క్లీనర్ ఉంటే చాలావరకు దాని లోపలే అణగిపోతుంది, లేకపోతే తొంగిచూస్తున్న ముఖం మీదికి లేస్తుంది. చేతిలో మూత లేని సీసా ఉంటే మంట దానికీ అంటుకుంటుంది, ఎవరైనా ఉలిక్కిపడి విసిరేస్తారు. ఆదివారం ఆ సీసా వెళ్లి గోడవారన పేర్చిన అట్టపెట్టెల మీద పడింది.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ఫ్లోట్ గిన్నె గాలి గొట్టంలోకి సిరంజితో కొద్దికొద్దిగా పెట్రోలు ఎక్కించండి. మూడు కార్బురేటర్ల బండికైతే మధ్యదానికి ఎక్కిస్తే చాలు, అటూ ఇటూ ఉన్నవి యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడే తెరుచుకుంటాయి. కార్బురేటర్ గొంతులోకి కారితే ఆపి, పూర్తిగా ఆరేదాకా ఆగండి. డబ్బా మూత బిగించి బయట పెట్టి రండి. ఎయిర్ క్లీనర్ బిగించండి. ఆ తరువాతే తాళం తిప్పండి.

తరువాతి మాట రబ్బరు హోస్‌ల గురించి. ఇక్కడి పెట్రోలులో సాధారణంగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఆ కాలపు రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. పాత కార్ల ప్రదర్శనలో మార్కులు పోతాయని బీటలు తీసిన పాత హోస్‌నే ఉంచుకునే పట్టుదల నాకు ఎన్నటికీ అర్థం కాదు. వేళ్లతో వంచి చూడండి. గట్టిపడినా, జిగురుగా తగిలినా ఇథనాల్‌ను తట్టుకునే, 30ఆర్9 అని అచ్చువేసిన కొత్త హోస్ వేయండి. కరెంటు విషయానికొస్తే, ఛాలెంజర్, బార్రకూడా లాంటి క్రైస్లర్ బండ్లలో చార్జింగు కరెంటు డ్యాష్‌బోర్డులోని యామ్మీటరు (కరెంటు కొలిచే మీటరు) గుండా పోతుంది కాబట్టి ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ దగ్గరి కనెక్టర్‌లో కమిలిన పిన్నులు ఉన్నాయేమో విప్పి చూడాలి.

ఇక వరసగా చదువుకోండి. ఎయిర్ క్లీనర్‌లో ఎలుక గూడు ఉందేమో చూడండి. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తండి; ఈ బండ్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండదు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది, కనుక గ్యారేజీలో మంటతో నడిచే వాటర్ హీటర్ ఉంటే బండిని బయటికి తోసి స్టార్ట్ చేయండి. పెట్రోలు మంటకు పనికొచ్చే ఎక్స్‌టింగ్విషర్ తలుపు దగ్గర ఉంచండి, బండి వెనక కాదు. పొడి పడితే ఇంజను పాడవుతుందని సంకోచించకండి. నీళ్లు చల్లవద్దు. ఒక ఎక్స్‌టింగ్విషర్‌తో ఆరకపోతే వదిలేసి బయటికి వచ్చి 911కు ఫోన్ చేయండి. బ్రేకు పెడల్‌ను నిమిషం పాటు నొక్కి పట్టుకోండి. పెడల్ మెల్లగా కిందికి దిగిపోతుంటే బండి కదపవద్దు. చక్రాల లోపలివైపు తడి ఉంటే బ్రేకు వీల్ సిలిండర్ కారుతున్నట్టే. టైరు మీద డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి, అవి తయారైన వారం, సంవత్సరం. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, దానితో రోడ్డెక్కవద్దు. చలికాలానికి బీమా తగ్గించుకున్నవారు ముందు దాన్ని సరిచేసుకోండి. ఒంటరిగా స్టార్ట్ చేయవద్దు. పక్కన ఉన్నవాడు సాయం పేరుతో సీసా పట్టుకొస్తే వెనక్కి పంపండి. మళ్లీ చెబుతున్నాను, కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోయవద్దు. చెంచాడైనా వద్దు, చుక్కైనా వద్దు.

మొదటి రోజు తిప్పి తెచ్చాక ఇంజను పెట్రోలు పంపు కింద తెల్ల కాగితం పరిచి, తెల్లారి చూడండి. మరక కనిపిస్తే అది ఎక్కడిదో తేలేదాకా తాళం ముట్టుకోకండి.