విందు బల్ల మీద ఎండుటాకులు, కొవ్వొత్తులు: వెలిగించే ముందు చూసుకోవాల్సినవి

ఆకు రాలే కాలంలో పండగ విందుకి బల్ల అలంకరించాలంటే పెద్దగా ఖర్చు పెట్టక్కర్లేదు. రాలిన ఆకులు, ఎండు పుల్లలు, గోధుమ కంకులు, పైన్ కాయలు ఏరుకొస్తే చాలు. మధ్యలో నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తే గదికే కళ వస్తుంది. చిక్కల్లా ఒకటే, ఊరికే దొరికే ఈ సరుకంతా ఇట్టే అంటుకునేదే.

ఒకసారి మా బల్ల మీదే జరిగింది. ఆకులు పేర్చినప్పుడు మంటకు జానెడు దూరంలో ఉంచాను. గిన్నెలు అటూ ఇటూ అందించుకోవడంలో ఎవరి చెయ్యో తగిలి అవి కొంచెం కొంచెంగా జరిగాయి. అందరం కబుర్లలో ఉన్నాం. ఒక ఆకు అంచు ముడుచుకుని పైకి లేచింది, నల్లబడింది, సన్నగా పొగ గీత. పక్కనున్న గిన్నె బోర్లించి ఆర్పేశాం కాబట్టి సరిపోయింది.

అందుకే దూరం విషయంలో రాజీ పడొద్దు. కాలే వస్తువేదైనా మంటకు కనీసం 30 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలి. పేపర్ నాప్కిన్లు, రిబ్బన్లు, మెరుపులు చల్లిన కాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఇరుకు బల్ల మీద అంత చోటు ఉండదు కదా అంటారా? ఆకుల్ని బల్ల చివరలకో, కిటికీ గట్టు మీదకో మార్చండి. కొవ్వొత్తుల చుట్టూ గులకరాళ్లు, చిన్న గుమ్మడికాయలు పెట్టండి. నన్నడిగితే అన్నిటికన్నా చవకైనదీ, అందమైనదీ వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి తేలే కొవ్వొత్తులు వదలడమే.

పొదుపు చేయకూడనిది కొవ్వొత్తి కింద పెట్టే దాని దగ్గర. పల్చటి గాజు గ్లాసులో కొవ్వొత్తి అడుగుకి వచ్చేసరికి వేడి నేరుగా గాజుకే తగిలి పగలొచ్చు. మందపాటి గాజు తీసుకుని, అడుగున రెండు వేళ్ల మందాన పొడి ఇసుక పోయండి. కొవ్వొత్తి కదలకుండా నిలబడుతుంది, గాజుకి వేడీ తగ్గుతుంది. టీలైట్లు అంటే చిన్న రేకు గిన్నెలో వచ్చే పొట్టి కొవ్వొత్తులు. ఆ రేకు గిన్నె బాగా కాలుతుంది, దాన్ని గుడ్డ మీద నేరుగా పెట్టకుండా పింగాణీ ప్లేటులో పెట్టండి. చవగ్గా వచ్చాయని ఇరవై టీలైట్లు ఒకే ప్లేటులో కిక్కిరించి పెట్టడం మాత్రం అసలు వద్దు. ఒకదాని వేడి ఇంకోదానికి తగిలి, మైనం మితిమీరి కాగి, ఆవిరి అంటుకుని మంట ఒక్కసారిగా లేస్తుంది. ఒక్కోదాని మధ్య 8 సెంటీమీటర్లయినా ఉంచండి. వెలుగు ఇంకా కావాలంటే కింద ఒక పాత అద్దం పెట్టి చూడండి, మూడు కొవ్వొత్తులు ఆరులా కనిపిస్తాయి.

మండే మైనం మీద నీళ్లు పోయకండి, మంట చిమ్ముతుంది. లోహపు మూతతో మూసేయండి. ఆ మూత ఎక్కడో వంటింట్లో కాకుండా బల్ల దగ్గరే ఉండాలి.

వెలిగించే ముందు వత్తిని 6 మిల్లీమీటర్లకు కత్తిరిస్తే పొగ, మసి తగ్గుతాయి. కత్తిరించిన ముక్క, అగ్గిపుల్ల మైనంలో పడనివ్వొద్దు, అవి కూడా వత్తిలా మండుతాయి. ఫ్యాను గాలి, కిటికీ గాలి తగలని చోటు చూసుకోండి. వాసన లేనివే కొనండి, వంట ఘుమఘుమ తెలియాలి కదా. ఏకబిగిన నాలుగు గంటలకు మించి వెలిగించొద్దు. గ్లాసులో పోసిన కొవ్వొత్తి అడుగున ఒక సెంటీమీటరు మిగలగానే ఆర్పేయండి.

చిన్నపిల్లలున్నా, బల్ల ఎక్కే పిల్లి ఉన్నా బ్యాటరీ కొవ్వొత్తులే నయం. అయితే వాటిలో చాలావాటికి ఉండే బటన్ సెల్, అంటే బొత్తాంలాంటి చిన్న బ్యాటరీ, మింగితే పిల్లల ప్రాణానికే ముప్పు. స్క్రూతో బిగించే మూత ఉన్నవే తీసుకోండి.

భోజనాలయ్యాక అందరూ లేచే ముందే ఒకరు అన్నీ ఆర్పాలి. ఆ ఒకరు ఎవరో ముందే అనుకోండి. మైనం గట్టిపడేదాకా గ్లాసులు కదపొద్దు.