గుడి తలుపులు మూసినప్పుడు విచారణను కలిపి ఉంచడం ఎలా

నేను గుంటూరు జిల్లాలో ఒక క్యాథలిక్ విచారణకు, అంటే ఒక గురువు కింద ఉండే చర్చి సంఘానికి, ఉపదేశిని (జపాలు, బోధల్లో గురువుకు తోడుండేవాణ్ణి). మేం గుడి అనేది చర్చినే. మా విచారణ కింద ఏడు ఊళ్ళు, అన్నిటికీ ఒక్కరే గురువులు. 2020 మార్చి 25న కరోనా లాక్‌డౌన్ వచ్చేసరికి మట్టల ఆదివారానికి పదకొండు రోజులే ఉంది. అప్పటి నుంచి మేం చేసినవీ, చేసి దిద్దుకున్నవీ రాస్తున్నాను. తుపాను వచ్చినా, ఇంకో జబ్బు వచ్చినా తోటి ఉపదేశులకు పనికొస్తాయి.

ముందు కెమెరా జోలికి పోకండి, పేర్లు రాయండి. మేం మొదటి వారమంతా లైవ్ కోసమే తిరిగాం. ఆదివారం పూజ ఫోన్లో పెట్టి సంతోషపడుతుంటే, సాయంత్రం ఒక పెద్దమ్మ ఫోన్ చేసి "ఉపదేశి గారూ, ఇవాళ పూజ లేదా అయ్యా?" అని అడిగింది. ఆమెది బటన్ల ఫోన్. ఆ రాత్రే కుటుంబాల రిజిస్టరు తీసి వీధులవారీగా రాశాను: ఏ ఇంట్లో ఏ ఫోన్ ఉంది, మంచం పట్టినవాళ్ళెవరు, ఒంటరిగా ఉన్నదెవరు, బీపీ, షుగర్ మాత్రలు ఎవరికి కావాలి, కూలి లేక ఎవరి పొయ్యి వెలగడం లేదు. పదేసి ఇళ్ళకు ఒకరిని పెట్టండి, అంతకు మించితే ఎవరో ఒకరు తప్పిపోతారు. మా దగ్గర మరియదళం (మరియమాత పేరిట సేవ చేసే సంఘం) అమ్మలు ఈ పని చేశారు. జపం సంగతి ఎత్తేముందు "అన్నం తిన్నావా?" అని అడిగేవాళ్ళు. ఆ వరస మార్చకండి.

బటన్ల ఫోన్లవాళ్ళకు కాన్ఫరెన్స్ కాల్ చాలు. నేను ఐదుగురిని కలిపేవాణ్ణి. జపమాలకు ఐదు రహస్యాలు (క్రీస్తు, మరియమాత జీవిత ఘట్టాలు) కదా, తలా ఒకటి నడిపించేవాళ్ళు. అందరూ ఒకేసారి బదులు చెబితే మాటలు కలిసిపోయి ఏమీ వినపడదు. ఒకరే బదులివ్వాలి, మిగిలినవాళ్ళు లోగొంతుకతో చెప్పుకోవాలి. గుడి గంట మాత్రం మూడు పూటలా ఆపవద్దు. త్రికాల జపానికి ఆ గంట వినపడితే జనానికి గుడి ఉన్నట్టే అనిపించేది.

ఇక లైవ్. ఫోన్‌ని దూరంగా స్టూలు మీద పెడితే గురువుగారి గొంతు ఖాళీ గుడిలో మారుమోగి ఒక్క మాటా తెలియలేదు. కాలరు మైకు పెట్టాకే తేటగా వచ్చింది. లైవ్ నడిచే ఫోన్‌కు కాల్స్ రానివ్వకండి. మాకు సరిగ్గా నడిపూజ వేళ కాల్ వచ్చి తెగిపోయింది. సిగ్నల్ అందని ఊళ్ళకు సువిశేషం (సువార్త పఠనం), ప్రసంగం ఆడియోగా వాట్సాప్‌లో పంపండి. సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) అందుకోలేని ఆ ఘడియలో ఆత్మీయ స్వీకార జపాన్ని (మనసులోనే క్రీస్తును స్వీకరించే జపం) గబగబా చదివించవద్దు, కాసేపు మౌనం ఉంచండి. ఇళ్ళలో జనం ఏడ్చింది అప్పుడే. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) మాత్రం ఫోన్లో చెల్లదు. తర్వాత వేపచెట్టు కింద రెండు కుర్చీలు ఎడంగా వేశాం, మాట వినపడేంత దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

2020 జూన్ 8 నుంచి గుళ్ళు తెరుచుకోవచ్చన్నారు. మాది నేల మీద కూర్చునే గుడి, అందుకని సున్నంతో ఆరేసి అడుగులకు గుర్తులు పెట్టి, ఉమ్మడి చాపలు తీసేసి, ఎవరి తువ్వాలు వాళ్ళనే తెచ్చుకోమన్నాం. గుడిలోకి వచ్చేవాళ్ళు వేళ్ళు ముంచుకునే తీర్థపు తొట్టి ఎండగట్టాం. శానిటైజర్ చేతులు ఆరకముందే కొవ్వొత్తి ముట్టించనివ్వకండి. సత్ప్రసాదం చేతిలో తీసుకోమంటే ముసలివాళ్ళు బాధపడ్డారు. 4వ శతాబ్దంలోనే యెరూషలేము పునీత సిరిల్ గారు ఎడమ చేతిని కుడిచేతికి సింహాసనంగా పట్టమని బోధించారని గురువుగారు చెప్పాక సరేనన్నారు. 2021 విభూది బుధవారం (తపస్సుకాలం మొదలయ్యే రోజు) విభూది ఇచ్చేటప్పుడు చెప్పే మాటలు అందరికీ ఒకేసారి చెప్పి, మాస్కుతో మౌనంగా విభూది ఇచ్చారు. రోము నుంచి వచ్చిన సూచన అదే.

సమాధుల సంగతి అన్నిటికన్నా బరువైనది. 2021 మేలో మా గాయక బృందంలో పాడే తమ్ముడొకడు పోయాడు. దగ్గర నిలబడి ప్రార్థన చేయనివ్వబోమని అడ్డుకున్నారు. కరోనాతో పోయినవాళ్ళ గురించి కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన 2020 మార్చి సూచనల్లోనే, దేహాన్ని తాకకుండా లేఖనం చదవచ్చు, పవిత్ర జలం చల్లవచ్చు అని ఉంది. ఆ కాగితం అప్పుడు నా చేతిలో లేదు. మీరు ముందే ప్రింటు తీసి జపాల పుస్తకంలో పెట్టుకోండి. ఇంట్లో ఆగిపోయినవాళ్ళకు ఫోన్ కలిపి, మట్టి పోసే దాకా పెట్టేయకండి. తర్వాత ఏ వరసలో ఎన్నో సమాధో, పక్కన ఎవరున్నారో కాగితం మీద రాసి వాళ్ళ అమ్మచేతికి ఇవ్వండి, ఆవిడ వచ్చిననాడు వెతుక్కోకుండా.