కీళ్ళవాతానికి వారం బిళ్ళ: తప్పు లేకుండా ఎలా వేసుకోవాలి?

గుంటూరు కొత్తపేటలో మందుల షాపు కౌంటరు వెనక నిలబడేవాడికి రోజంతా చీటీలతోనే పని. గుండె జబ్బుల చీటీలు చూసినా నాకు అంత బెదురు ఉండదు. కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ బిళ్ళ రాసి ఉన్న చీటీ చేతికొస్తే మాత్రం ఆ మనిషిని ఆపి రెండుసార్లు చెప్పందే పంపను. చెప్పినా మళ్ళీ తప్పు వేసుకుని వస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు జబ్బేదో తేలాలి. మోకాళ్ళలో గుజ్జు అరిగినవాళ్ళకు ఇది ఇచ్చే మందు కాదు. అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, పొద్దున పట్టేసినా అరగంటలో వదులుతుంది. కీళ్ళవాతంలో, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో, ఒంట్లోని రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద పడుతుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులు, మణికట్లు, పాదాల వేళ్ళ మొదళ్ళు వాస్తాయి. లేచి గంట దాటినా పిడికిలి బిగియదు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. రక్తపరీక్షలో ఆర్‌ఏ ఫ్యాక్టర్ లేదని రిపోర్టు వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చు, ఉందని వచ్చినా లేకపోవచ్చు. యాంటీ-సీసీపీ అనే రక్తపరీక్ష కూడా చేయించి, కీళ్ళు పట్టి చూసి రుమటాలజిస్టు (కీళ్ళవాతం డాక్టరు) తేల్చాలి. ఈమధ్య చికున్‌గున్యా వచ్చి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, దాని తర్వాత నొప్పులు నెలల తరబడి ఉండిపోతాయి.

ఊళ్ళల్లో ఇచ్చే పొడి పొట్లాల జోలికి పోకండి. పొట్లం వేసుకున్న రెండో రోజుకే వాపంతా తీసేసినట్టు పోతే అందులో స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానించాలి. చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే, డాక్టరుకు చూపించి మెల్లగా మానాలి.

బిళ్ళ మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, లివర్, క్రియాటినిన్ (కిడ్నీల పని చూసేది), హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే. ఇందులో కష్టమేమీ లేదు, పొద్దున్నే వెళ్తే అయిపోతుంది.

ఇక అసలు చిక్కు. ఈ బిళ్ళ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. బీపీ, షుగరు బిళ్ళలు రోజూ మింగే అలవాటున్న చెయ్యి దీన్నీ రోజూ నోట్లో వేసేస్తుంది. అలా వరసగా కొద్ది రోజులు పడితే చాలు, ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పూస్తుంది, ప్రాణమే పోవచ్చు. “నొప్పి ఎక్కువగా ఉందండీ, ఇంకోటి వేసుకున్నాను” అని మామూలుగా చెప్పేవాళ్ళున్నారు. ఇది నొప్పి బిళ్ళ కాదు. దీని గుణం కనిపించడానికే 6 నుంచి 12 వారాలు పడుతుంది. అప్పటిదాకా నొప్పికి డాక్టరు వేరే మందు రాస్తారు.

రోజు ఎంచుకోవడంలో నా లెక్క ఒకటే: బుధవారం రాత్రి, భోజనం అయ్యాక. శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఖాళీ కడుపున వేసుకుని వాంతులంటూ వస్తారు. ఆదివారమంటే పెళ్ళిళ్ళు, ప్రయాణాలు. బుధవారమైతే మర్నాడు నీరసంగా ఉన్నా, ఏదైనా తేడా చేసినా, డాక్టరూ ల్యాబూ ఇద్దరూ అందుబాటులో ఉంటారు. మీ డాక్టరు వేరే రోజు చెప్పి ఉంటే అదే పాటించండి, కానీ ఆ రోజు పేరు చీటీ మీద తెలుగులో రాయించుకోండి. “వారానికి ఒకటి” అంటే చాలదు, “బుధవారం” అని ఉండాలి. అదే పేరు మందు పెట్టె మీద ఎర్ర పెన్నుతో నేను మళ్ళీ రాస్తాను.

తర్వాత మిల్లీగ్రాములు. ఈ బిళ్ళ 2.5లో దొరుకుతుంది, 7.5లోనూ దొరుకుతుంది. మొదట 2.5వి మూడు వేసుకున్నవాళ్ళకు తర్వాతి నెల 7.5 స్ట్రిప్పు వస్తే పాత అలవాటున మూడూ మింగేస్తారు. అంటే 22.5. స్ట్రిప్పు మారిందా అని ప్రతిసారీ అడగండి. ఒకే రకం స్ట్రిప్పు వాడటం నయం.

దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ రాస్తారు, నోటిపూత, వికారం తగ్గడానికి. ఏయే రోజుల్లో అన్నది ఒక్కో డాక్టరు ఒక్కోలా చెబుతారు. కొందరు వారానికి ఒకటి రెండు రోజులు చాలంటారు, కొందరు మెథోట్రెక్సేట్ రోజు తప్ప మిగతా రోజులన్నీ వేసుకోమంటారు. రెండూ చిన్నవే, చాలావరకు పసుపు రంగువే. అక్కడే తారుమారు. ఒక్కరోజు వేసుకోవాల్సింది ఆరు రోజులు, ఆరు రోజులది ఒక్కరోజు. ఏడు గదుల ప్లాస్టిక్ డబ్బా కొనుక్కోమని చాలామంది సలహా ఇస్తారు. నాకది గిట్టదు. మనవడు ఒకసారి కింద పడేస్తే ఏ బిళ్ళ ఏదో ఎవరు చెబుతారు? స్ట్రిప్పులోనే ఉంచండి, మెథోట్రెక్సేట్ పెట్టె వేరే అలమరలో పెట్టండి, వేసుకున్న రోజు క్యాలెండరులో కొట్టేయండి.

అన్నట్టు, మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ రెండూ అమెరికాలోని లెడర్లే అనే ఒకే మందుల కంపెనీ ప్రయోగశాల నుంచి వచ్చినవే. 1940లలో అక్కడి పరిశోధనకు పెద్దగా ఉన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. “క్యాన్సర్ మందు ఇచ్చారు” అని ఇంటర్నెట్‌లో చూసి హడలిపోయి మానేసేవాళ్ళకు ఈ మాటా చెబుతుంటాను. క్యాన్సర్‌కు ఇచ్చే మోతాదు చాలా పెద్దది, కీళ్ళవాతానికి ఇచ్చేది వారానికి సాధారణంగా 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు.

ఒక వారం మర్చిపోతే? రెండు రోజుల్లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు. ఆ తర్వాతైతే వదిలేసి మళ్ళీ బుధవారమే. రెండు కలిపి వేసుకోకూడదు. పొరపాటున ఎక్కువ పడితే ఒంట్లో బాగానే ఉన్నా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి, స్ట్రిప్పు చేత పట్టుకుని. ఫోలినిక్ యాసిడ్ అనే విరుగుడుంది, ఎంత త్వరగా ఇస్తే అంత పనిచేస్తుంది. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

నోటిపూత, జ్వరం, పొడి దగ్గు, ఆయాసం, ఒంటి మీద కమిలిన మచ్చలు: వీటిలో ఏది వచ్చినా తర్వాతి బిళ్ళ ఆపి డాక్టరును కలవండి. మొదటి మూడు నెలలు 2 నుంచి 4 వారాలకోసారి రక్తపరీక్ష, తర్వాత 8 నుంచి 12 వారాలకోసారి. నొప్పి లేదని పరీక్ష ఎగ్గొడితే లివర్ సంగతి తెలియదు. మద్యం తాగే అలవాటుంటే డాక్టరు దగ్గర దాచొద్దు. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళు నెలల ముందే డాక్టరుతో మాట్లాడి దీన్ని మానాలి, ఇది కడుపులో బిడ్డకు హాని చేస్తుంది.

గోంగూర మానాలా, పప్పు మానాలా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మాంసం, లివరు, బీరు తగ్గించమనేది యూరిక్ యాసిడ్ పెరిగే గౌట్‌లో, అది వేరే జబ్బు. కీళ్ళవాతం వాళ్ళు తిండి కన్నా వేరే మందుల మీద కన్నేయాలి. మూత్రంలో మంటకని ఎవరైనా కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాస్తే, అది దీంతో కలిసి రక్తకణాలను ఒక్కసారిగా పడగొడుతుంది. కాబట్టి జలుబుకైనా సరే, ఏ షాపుకెళ్ళినా చీటీతోపాటు “వారం బిళ్ళ వాడుతున్నాను” అని మీరే చెప్పండి. కౌంటరు దగ్గర రద్దీలో మేం అడగకపోవచ్చు.