బొంత కుట్టులో తలెత్తే లోపాలు: కారణాలు, సవరణలు

హన్మకొండ, వరంగల్ పరిసరాల్లో పాత నూలు చీరలతో బొంత కుట్టడం నేర్చుకునేందుకు శిక్షణ తరగతులకు వచ్చేవారికి మొదటి బొంతలో కొన్ని లోపాలు తప్పకుండా ఎదురవుతాయి. వాటిలో ఎక్కువ భాగం సూది పట్టకముందే, పొరలు పరిచే దశలోనే పుడతాయి కనుక, కుట్టు విప్పడానికి ముందు బట్ట పరచిన తీరును పరిశీలించడం మంచిది.

సమస్య: నాలుగైదు వరుసలు కుట్టేసరికి పై పొర ఒక పక్కకు జరిగి ఉబ్బుతుంది, తిరగేసి చూస్తే అడుగు పొరలో మడత పడి కుట్టులో చిక్కుకొని ఉంటుంది.

ప్రధాన కారణం పొరలను కచ్చా కుట్టుతో, అంటే పొరలు జరగకుండా తాత్కాలికంగా వేసే పొడవాటి కుట్టుతో, బిగించకపోవడం. సూదిని గుంజిన ప్రతిసారీ పై బట్ట వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది, వరుస పూర్తయ్యేసరికి ఆ జరుగుబాటంతా ఒకచోట పోగుపడుతుంది. రెండో కారణాన్ని చాలామంది గమనించరు. ఏళ్లపాటు కట్టి ఉతికిన చీరలో నడిమి బట్ట సాగిపోతుంది గాని, బిగువుగా నేసిన అంచు అంతగా సాగదు, అందువల్ల అంచుతో సహా పరచిన చీర ఎంత సరిచేసినా సమంగా కూర్చోదు.

కాబట్టి ముందుగా అంచులు కత్తిరించి, బట్టను తడిపి ఆరబెట్టి, ఇస్త్రీ చేసుకోవాలి. అయిదున్నర మీటర్ల చీరను నిడివిలో సగానికి మడిస్తే రెండు పొరలు వస్తాయి, నేర్చుకునేవారికి మూడు నాలుగు పొరలు చాలు. గచ్చు నేల మీద పరచి, మూలల్లో ఇటుకలు పెట్టి, నడుమ నుంచి బయటికి అరచేతితో నిమరాలి. కింద జంపఖానా వేసుకుంటే మెత్తగా ఉంటుందనుకోవడం సహజమే కాని, సూది దాన్ని కూడా కలిపి కుట్టేస్తుంది. తరువాత రెండేసి అంగుళాల కచ్చా కుట్లను నడుమ నుంచి నాలుగు దిక్కులకూ వేసి, మిగిలిన చోటును జానెడు ఎడంతో నింపాలి. అంచు నుంచి చుట్టూ కుడుతూ లోపలికి వచ్చే పద్ధతి చేయి తిరిగినవారికే తగినది, ఎందుకంటే అందులో మిగులు బట్టంతా చివరికి నడుమ చేరుతుంది. ఇప్పటికే మడత పడి ఉంటే దాన్ని పట్టుకున్న వరుసలను మాత్రమే విప్పి, మళ్లీ కచ్చా కుట్టు వేయాలి. గుంజి సరిచేయాలని చూస్తే మడత పక్కకు జరుగుతుందే తప్ప పోదు.

సమస్య: పైన కుట్టు చక్కగా ఉన్నా అడుగున అక్కడక్కడ కనబడదు.

సూదిని ఏటవాలుగా దించితే పై పొరలనే పట్టుకొని తిరిగి వస్తుంది. సూదిని నిటారుగా దించి, అడుగున ఉంచిన వేలికి మొన తగిలిన తరువాతే పైకి వంచాలి. ఒకేసారి రెండు మూడు కుట్లకు మించి సూదిపై ఎక్కించకూడదు. కుట్టు బియ్యపు గింజంత ఉండాలన్న తొందర మొదట్లో వద్దు, రెండు వైపులా సమంగా రావడమే ముఖ్యం, చిన్నదనం అలవాటు మీద వస్తుంది.

సమస్య: దారం చిక్కుపడుతుంది, నలిగి తెగుతుంది.

దారం పొడవుగా ఉంటే అదే బట్టలోంచి పదేపదే రాసుకుంటూ పోయి పీచు లేస్తుంది. మూరెడు దారం తీసుకొని, తేనెమైనం మీద ఒకసారి లాగితే చాలు. తెగదు కదా అని పాలిస్టర్ దారం వాడటం నేను ఒప్పుకోను. అది నిలిచి ఉంటుంది గాని, అరిగిన నూలు బట్టను కుట్టు వెంబడి కోసేస్తుంది, ఆ నష్టం కొన్ని ఉతుకుల తరువాత గాని బయటపడదు. అలా చిరిగిన చోట మెత్తని నూలు గుడ్డతో మాసిక వేసి, నూలు దారంతోనే కుట్టాలి.

సూది దిగక వేలు నొస్తుంటే అంగుస్తాన్ (సూదిని నెట్టే వేలికి పెట్టుకునే తొడుగు) తొడుక్కోవాలి, జరీ కొంగును పొరల నుంచి తీసివేయాలి. దబ్బనం (గోనెసంచులు కుట్టే లావుపాటి సూది) వాడితే పని తేలికవుతుంది కాని, బట్టలో రంధ్రాలు మిగిలిపోతాయి.

సమస్య: ఉతికిన తరువాత రంగు అంటుకుంటుంది, బొంత ముడుచుకుపోతుంది.

ఉతకని కొత్త బట్టను పాత చీరలతో కలిపినప్పుడు గంజి పోయి కొత్త పొర కుంచించుకుపోతుంది, పాత పొరలు అలాగే ఉంటాయి. కుట్టకముందే దాన్ని ఉతకాలి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడాలి. ఉతుకులో రంగు అంటిన బొంతను ఆరనివ్వకుండా వెంటనే చల్లని నీటిలో మళ్లీ జాడిస్తే కొంతవరకు పోతుంది, ఆరిపోతే వదలడం కష్టం. వానాకాలంలో సూదిని బట్టకే గుచ్చి వదిలేస్తే తుప్పు మరక పడుతుంది కనుక, పని ఆపిన ప్రతిసారీ దాన్ని తీసి డబ్బాలో పెట్టుకోవాలి.