డిజిటల్ కెమెరాతో మానిటర్ కాంట్రాస్ట్ రేషియోను కొలవడం ఎలా?

మానిటర్ పెట్టె మీద 1000:1 అనో 3000:1 అనో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. తెర మొత్తం తెల్లగా ఉన్నప్పుడు వచ్చే వెలుగు, మొత్తం నల్లగా ఉన్నప్పుడు వచ్చే వెలుగుకు ఎన్ని రెట్లో ఆ అంకె చెబుతుంది. ఎల్‌సీడీ తెర వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది కనుక నలుపులోనూ కొంత వెలుగు బయటికి వస్తుంది. ఆ కాస్త వెలుగును సరిగ్గా పట్టుకోవడమే ఇందులో అసలు పని. నల్లటి పిక్సెల్ వెలగనే వెలగని ఓఎల్ఈడీ తెరలకు ఈ పద్ధతి వర్తించదు.

మాన్యువల్ మోడ్ ఉండి, రా (RAW) ఫైళ్లు, అంటే సెన్సర్ పట్టిన అంకెలను మార్చకుండా దాచే ఫైళ్లు తీయగలిగే కెమెరా, ఒక ట్రైపాడ్, రా ఫైల్లోని అంకెలను ఉన్నవి ఉన్నట్టు చూపే రాడిగ్గర్ వంటి సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. జేపెగ్ ఫొటోలు ఇందుకు పనికిరావు. వాటిలో 255కు సగమైన 128 కనిపించిన చోట నిజానికి వెలుగు సగం కాదు, సుమారు 22 శాతమే. రా ఫైల్లో మాత్రం వెలుగు రెట్టింపైతే అంకె కూడా రెట్టింపవుతుంది.

మొదట మానిటర్‌ను అరగంట సేపు వెలగనివ్వండి. డైనమిక్ కాంట్రాస్ట్, ఆటో బ్రైట్‌నెస్, హెచ్‌డీఆర్, లోకల్ డిమ్మింగ్ వంటి, తెర వెలుగును తమంతట తామే మార్చే సెట్టింగులన్నీ ఆపేయండి. హెచ్‌డీఎంఐ కేబుల్ వాడుతున్నట్లయితే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో రంగుల రేంజ్ 'ఫుల్' అని ఉందో లేదో తప్పక చూడండి. అక్కడ 'లిమిటెడ్' ఉండి, మానిటర్ 'ఫుల్' అనుకుంటే నలుపు బూడిదరంగులోకి తేలిపోయి, వెయ్యి రావలసిన చోట మూడు వందలు కూడా రాకపోవచ్చు.

రాత్రిపూట లైట్లన్నీ ఆర్పి పని మొదలుపెట్టండి. తొలిసారి కొలిచినప్పుడు నాకు 640 వచ్చింది. మానిటర్‌ది తప్పనుకున్నాను గానీ, ఎదురుగా ఉన్న ఇన్వర్టర్ పచ్చదీపం తెర మీద ప్రతిఫలిస్తోందని తరువాత తెలిసింది. 

కెమెరాను తెర మధ్యభాగానికి సూటిగా నిలపండి. పక్కనుంచి తీస్తే నలుపు మారిపోతుంది. పిక్సెళ్ల గీతలు పడకుండా ఫోకస్‌ను కొంచెం చెదరగొట్టండి. ఐఎస్ఓ 100, ఎపర్చర్ ఎఫ్/4 పెట్టి, చివరిదాకా ఆ రెండింటినీ కదపకండి. మారవలసింది షటర్ సమయం ఒక్కటే. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్‌ను ఆపేయండి. డీఎస్ఎల్ఆర్ అయితే వ్యూఫైండర్‌ను మూయండి, లేకపోతే దీర్ఘమైన ఎక్స్‌పోజర్‌లో అక్కడినుంచి వెలుగు లోపలికి దిగుతుంది.

ఇప్పుడు తెర నిండా తెలుపు ఉంచి 1/30 సెకనుకు, తెర నిండా నలుపు ఉంచి 15 సెకన్లకు ఒక్కో ఫొటో తీయండి. తెలుపుకు ఇంతకంటే బాగా తక్కువ సమయం పెడితే తెర రిఫ్రెష్ వల్ల లెక్క తప్పవచ్చు. ఆ తరువాత లెన్స్‌కు మూత పెట్టి, అవే రెండు సమయాలకు మరో రెండు తీయండి. కెమెరా చీకటిలోనూ సున్నా చూపదు కనుక, ఆ మిగులును తీసివేయడానికి ఇవి కావాలి.

నాలుగు ఫైళ్లలోనూ మధ్యలోని ఒకే చతురస్రాన్ని ఎంచుకుని, ఆకుపచ్చ ఛానెల్ సగటును రాసుకోండి. మనకు తెలుపులో 5312, నలుపులో 2912, మూత పెట్టిన రెండింటిలోనూ 512 వచ్చాయనుకుందాం. తీసివేస్తే 4800, 2400 మిగులుతాయి. ఒక్క సెకనుకు ఎంత పడుతుందో చూడాలి కనుక, ఒక్కోదాన్ని దాని షటర్ సమయంతో భాగించి, తెలుపు ఫలితాన్ని నలుపు ఫలితంతో భాగించాలి.

ఇక్కడ చాలామంది జారిపోయే చోటు ఒకటుంది. కెమెరా తెర మీద 1/30, 15 అని కనిపించినా, చాలా కెమెరాలు రెట్టింపుల వరుసను పాటిస్తూ నిజానికి 1/32, 16 సెకన్ల పాటు షటర్ తెరుస్తాయి. రాసి ఉన్న అంకెలతో లెక్కిస్తే 1,44,000ను 160తో భాగించి 900 వస్తుంది. అసలు సమయాలతో అయితే 1,53,600ను 150తో భాగించి 1024 వస్తుంది. మీ కెమెరా సంగతి తేల్చుకోవాలంటే 15 సెకన్ల ఎక్స్‌పోజర్‌ను ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒకసారి చూసుకోండి, ఒక సెకను తేడా ఇట్టే తెలిసిపోతుంది.

తెలుపు అంకె కెమెరా గరిష్ఠానికి తగిలితే ఆ ఫొటో చెల్లదు. మానిటర్ బ్రైట్‌నెస్ తగ్గించి నాలుగూ మళ్లీ తీయాలి. ఎల్‌సీడీల్లో ఒక రకమైన వీఏ ప్యానెల్ నలుపు మరీ చీకటిగా ఉంటుంది కనుక దానికి 30 సెకన్లు పెట్టడం మేలు.