నిఘా విమానం మోడల్ కిట్ బిల్డ్ చేయడం ఎలా? మిగతాది ఎట్లన్నా చేయండి, అద్దాల దగ్గర మాత్రం నా మాట వినండి

మా తిరుపతిలో ఈ మధ్య ప్లాస్టిక్ విమానాల కిట్లు కట్టే పిల్లోళ్ళు బాగానే తయారైనారు, చూస్తే సంతోషంగా ఉంటుంది. కానీ వాళ్ళు వాట్సాప్‌లో పంపే ఫోటోలు జూమ్ చేసి చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది. బాడీ నీట్‌గా ఉంటుంది, రంగు బాగుంటుంది, ముక్కు దగ్గరికి వచ్చేసరికి కెమెరా అద్దాలు కంట్లో పువ్వు పడినట్టు తెల్లగా ఉంటాయి. నిఘా విమానం పనే చూడడం కదా, దాని కన్నే పోతే ఇంకేముంది అందులో. పదిమందికి విడివిడిగా చెప్పి చెప్పి విసిగిపోయి ఇప్పుడు ఒక్కసారే రాస్తా ఉండా.

ముందు ఏ కిట్ కొనాలో చెప్తా. సోవియట్ మిగ్ 25, 1/72 స్కేల్, అంటే అసలు విమానంలో 72వ వంతు. ఇదే కొనండి. చాలామంది మొదటిదే బ్లాక్‌బర్డ్ కొంటారు, అమెరికా నిఘా విమానం ఎస్ఆర్ 71, 1964లో మొదటిసారి ఎగిరింది, మాక్ 3, అంటే శబ్దం కంటే మూడింతల వేగం, దాటి పోయేది, గొప్ప విమానమే కాదనను, కానీ ఒళ్ళంతా నలుపు, నేర్చుకునేవాళ్ళకి ఆ నలుపు మీద తప్పు యాడుందో కనపడదు. మిగ్ 25 అట్లా కాదు, లేత బూడిద రంగు, చిన్న గీత ఉన్నా పట్టిచ్చేస్తుంది. పైగా అది మనది. 1981 నుంచి 2006 దాకా మన ఎయిర్‌ఫోర్స్ బరేలీలో ఉంచి నడిపింది, 102వ స్క్వాడ్రన్, ట్రైసోనిక్స్ అంటారు వాళ్ళని. ఆ విమానానికి మనోళ్ళు పెట్టిన పేరు గరుడ. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు గరుడ సేవకి కొండ కిక్కిరిసిపోవడం చిన్నప్పటి నుంచి చూస్తా ఉండే మనం వేరే విమానంతో మొదలుపెట్టడం ఎందుకప్పా?

కొనేటప్పుడు బాక్స్ మీద పేరు సరిగ్గా చూసుకోండి. మిగ్ 25 ఆర్‌బి, ఆర్‌బిటి అని ఉంటే నిఘా రకం. పి, పిడి అని ఉంటే ఫైటర్, దాని ముక్కులో రాడార్ ఉంటుంది, కెమెరా అద్దాలు ఉండవు. తెలీకుండా ఫైటర్ తెప్పించుకుని, ముక్కుకి చిల్లులు పెట్టి నిఘా విమానం చేద్దామని చూసినోళ్ళని చూసినా, అట్లా చేయద్దు, ఆ ముక్కు షేపే వేరు, రెక్కల కొలత కూడా వేరు. మన ఊర్లో ఇవి దొరకవు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే, లేకపోతే చెన్నై పోయే వాళ్ళెవరితోనన్నా చెప్పి పెట్టుకోవాలి.

సామాన్లు పెద్దగా ఏం లేవు. ముక్కలు కత్తిరించే చిన్న కట్టర్, నిప్పర్ అంటారు, అది ఒకటి, సన్న బ్లేడ్ కత్తి, హార్డ్‌వేర్ షాపులో దొరికే వాటర్ పేపర్ 400, 800, 2000 నంబర్లవి, ప్లాస్టిక్ కరిగించి అతికించే పల్చటి సిమెంట్, పుట్టీ, మోడలింగ్ మాస్కింగ్ టేప్, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ఉంటే సరి లేకపోతే స్ప్రే క్యాన్. తెల్ల ఫెవికాల్ చిన్న డబ్బా. ఈ ఫెవికాల్ సంగతి కింద వస్తుంది, మర్చిపోవద్దు.

మొదట ముక్కలు అంటుకుని ఉండే ప్లాస్టిక్ ఫ్రేములు సబ్బు నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ముక్కలు నిప్పర్‌తో కత్తిరించండి, చేత్తో తిప్పి విరచద్దు. కాక్‌పిట్ లోపల రంగు వేసి సీటు పెట్టండి. బాడీ రెండు భాగాలు, పక్కన పెద్ద పెట్టెల్లాగా ఉండే గాలి దారులు, రెక్కలు, రెండు తోకలు, ఇవన్నీ కిట్‌తో వచ్చే పేపర్‌లో నంబర్ల ప్రకారం పోతే సరిపోతుంది. అతికించే ముందు ప్రతిసారీ టేప్‌తో నిలబెట్టి చూసుకోండి. అతుకు గీత పుట్టీతో నింపి, రుద్ది, రంగుకి ముందు వేసే ప్రైమర్ కొట్టి మళ్ళా చూడండి. ముక్కు తేలిపోయి తోక మీద కూలబడేట్టు ఉంటే గాలానికి కట్టే సీసం గుళ్ళు ముక్కులో పెట్టుకోండి. ఇంతవరకు ఎవరన్నా చేస్తారు.

ఇక అద్దాలు. ఇక్కడ ఫోన్ సైలెంట్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపి కూర్చోండి.

మిగ్ 25 ఆర్‌బి ముక్కు కింద, పక్కల కెమెరా కిటికీలు ఉంటాయి. 1/72లో ఒక్కొక్కటి మినపగింజంత కూడా ఉండదు. పారదర్శకంగా ఉండే ఈ ప్లాస్టిక్ మామూలు బూడిద ప్లాస్టిక్ కంటే పెళుసు. నిప్పర్ ముక్కకి దగ్గరగా పెట్టి నొక్కితే సన్న చీలిక లోపలికి పాకుతుంది, దాన్ని మళ్ళా ఎవరూ బాగు చేయలేరు. దూరంగా కత్తిరించండి, మిగిలిన కాడని కత్తితో కొంచెం కొంచెంగా గీసి, 2000 పేపర్ నీళ్ళతో తడిపి రుద్దండి. గీతలు పడితే తెల్ల టూత్‌పేస్ట్, జెల్ కాదు, పాత బనియన్ గుడ్డ మీద పెట్టి గుండ్రంగా రుద్దితే మెరుపు వస్తుంది. తర్వాత సబ్బు నీళ్ళలో కడిగి, ఇంక చేత్తో ముట్టద్దు. వేలి నూనె అంటిందంటే లోపలి వైపు తుడవడానికి మళ్ళా దారి ఉండదు. అగ్గిపుల్ల చివర టేప్ ముక్క తిప్పి చుట్టి, దాంతో ఎత్తండి.

అద్దం పెట్టే ముందే ముక్కు లోపల మొత్తం మ్యాట్ నలుపు వేసేయండి. ఇది చాలామంది వదిలేస్తారు. లోపల బూడిద ప్లాస్టిక్ కనపడితే అది కెమెరా కిటికీ అనిపించదు, ఉత్త చిల్లు అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మాట. అద్దాలకి సూపర్ గ్లూ, అదే ఫెవిక్విక్ లాంటిది, వాడద్దు. ఒక్క చుక్క కూడా వద్దు. సూపర్ గ్లూ ఆరేటప్పుడు దాన్నుంచి ఆవిరి లేస్తుంది, ఆ ఆవిరి పక్కనుండే అద్దం మీద తెల్లటి పొరలా పట్టుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువుంటే ఇంకా ఎక్కువ పడుతుంది, మనకేమో అక్టోబర్, నవంబర్‌లో వానలు, ఇంట్లో ఉప్పు డబ్బా కూడా నీరు కారే కాలం. పల్చటి సిమెంట్ కూడా వద్దు, అది అద్దాన్ని కరిగించి మసక చేస్తుంది.

నాకు ఇది ఎట్లా తెలిసిందో చెప్తా. మూడో మిగ్ కట్టేటప్పుడు అద్దాలన్నీ ఫెవికాల్‌తోనే పెట్టినా, అన్నీ నీళ్ళలాగా తేటగా ఉన్నాయి. ముక్కులో సీసం గుళ్ళు కదలకుండా మాత్రం సూపర్ గ్లూ నాలుగు చుక్కలు పోసి, ఆ రాత్రే ముక్కు మూసేసినా. పొద్దున లేచి టేబుల్ లైట్ వేసి చూస్తే అద్దాలన్నీ లోపలి నుంచి తెల్లబడినాయి. ఆవిరి బయటికి పోవడానికి దారి లేక లోపలే తిరిగి అద్దాల మీద కూర్చుంది. బయట ఎంత రుద్దినా పోదు, పొర లోపలుంది కదా. ముక్కు కోసి విప్పితే మూడు కిటికీలు విరిగిపోయినాయి. ఇరవై రోజుల పని. అందుకే చెప్తా ఉండా, అద్దాలకి వాడకపోవడమే కాదు, మూసేసే ముక్కులో, కాక్‌పిట్‌లో ఎక్కడా వాడద్దు. గుళ్ళని రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురుతో పెట్టి, ఫెవికాల్ అయితే సీసంతో కలిసి ఉబ్బి ముక్కుని చీలుస్తుంది, రెండు రోజులు తెరిచి ఉంచి, పూర్తిగా ఆరినాకే మూయండి.

ఫెవికాల్ పెట్టే పద్ధతి ఇది. అగ్గిపుల్ల కొన సన్నగా చెక్కి, ఆవగింజంత ఫెవికాల్ తీసుకుని, చిల్లు అంచు మీద పూయండి, అద్దం మీద కాదు. అద్దాన్ని మెల్లగా దించి, పుల్లతో ఒక్కసారి నొక్కి వదిలేయండి. పక్కకి పొంగిన తెలుపుని తడి దూదితో అప్పుడే తుడవండి, నీళ్ళకి పోతుంది. ఒక రాత్రి దాన్ని ముట్టద్దు. ఆరినాక ఫెవికాల్ తేటగా అయిపోతుంది. మరీ చిన్న కిటికీ అయితే, లేదంటే అద్దం ఎగిరి యాడో పడిపోతే, అడ్డంగా ఫెవికాల్ పొర లాగి వదిలినా ఆరినాక అదే కిటికీ అవుతుంది. దీనికోసం బయటి దేశాల్లో వేరే జిగురు అమ్ముతారు, బాగానే ఉంటుంది, కానీ మన బడి పిల్లల డబ్బా చేసే పనికి అంత డబ్బు పెట్టడం అనవసరం.

ఆరినాక ప్రతి కిటికీ మీద టేప్ కోసి అతికించండి. సెల్లో టేప్ వద్దు, మన ఎండకి దాని జిగురు కరిగి అద్దానికి అంటుకుపోతుంది. కానపీ, అంటే పైలట్ మీదుండే అద్దం మూత, దాని ఫ్రేము కూడా ఇట్లాగే, టేప్ పైన నొక్కి, కొత్త బ్లేడుతో ఫ్రేము అంచు వెంబడి కోయండి, పాత బ్లేడు అద్దాన్ని గీరుతుంది.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తా. మే నెలలో మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్ ముట్టద్దు, నలభై దాటిన ఎండలో రంగు ప్లాస్టిక్‌ని చేరేలోపే గాలిలో ఆరిపోయి ఇసుకలాగా పడుతుంది. పొద్దున ఆరు గంటలకి, పల్చగా మూడు కోట్లు. లేత బూడిదే వేయండి. ఈ విమానం బాడీ ఎక్కువ శాతం నికెల్ స్టీల్, మాక్ 2.8 వేగంలో వచ్చే వేడికి అల్యూమినియం నిలవదు కాబట్టి అట్లా చేసినారు, 1976లో ఒక సోవియట్ పైలట్ ఇట్లాంటిదే ఒకటి తీసుకుపోయి జపాన్‌లోని హకోదాతేలో దిగినప్పుడు విప్పి చూసినోళ్ళకి ఆ స్టీల్ కనపడింది. స్టీల్ కదా అని కొందరు మొత్తం వెండి రంగు పూసేస్తారు, తప్పు, పైన పెయింట్ ఉంటుంది. లోహం రంగు వెనక ఇంజన్ గొట్టాల దగ్గరే వేయండి.

మన ఎయిర్‌ఫోర్స్ గుండ్రటి గుర్తు, రౌండెల్ అంటారు, దాని డెకాల్ (నీళ్ళలో నానబెట్టి అంటించే స్టిక్కర్) పెట్టేటప్పుడు బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ, ఈ వరస తప్పుగా ప్రింట్ చేసిన చవక షీట్లు వస్తాయి, చూసుకోండి. ఆ పైన మ్యాట్ వార్నిష్, వాన రోజు మాత్రం వద్దు, పొగలాగా తెల్లబడుతుంది.

వార్నిష్ ఆరిన మరుసటి రోజే కిటికీల మీద టేప్ తీసేయండి, వారాలు వదిలేయద్దు. అంచు నుంచి పక్కకి లాగండి, పైకి కాదు, పైకి లాగితే కిటికీ కూడా దాంతో వస్తుంది. ముక్కు చివర సూదిలాగా పొడుగ్గా ఉండే పిటో ట్యూబ్ (గాలి వేగం కొలిచే గొట్టం) మాత్రం అన్నిటికంటే ఆఖర్లో, షెల్ఫ్‌లో పెట్టే రోజు అతికించండి.