మొబైల్ యాప్‌లో స్క్రోల్ స్క్రీన్ కట్టే ముందు చూసుకోవలసినవి

• పొడవైన నిలువు జాబితాను మరో నిలువు స్క్రోల్ లోపల పెట్టకండి. ఆండ్రాయిడ్‌లో రీసైక్లర్‌వ్యూను (పొడవైన జాబితాలు చూపే భాగం) నెస్టెడ్‌స్క్రోల్‌వ్యూ అనే స్క్రోల్ పెట్టెలో పూర్తి ఎత్తుతో ఉంచితే, తెర మీద కనిపించే పది వరుసలే కాదు, వెయ్యి ఉంటే వెయ్యీ ఒకేసారి తయారవుతాయి. ఇరవై వరుసల నమూనా డేటాతో అంతా సాఫీగానే జారుతుంది; అందుకే ఈ తప్పు తరచూ విడుదలయ్యాకే బయటపడుతుంది. జాబితాతో పాటే జారాల్సిన పై బ్యానర్ కోసం బయటి స్క్రోల్ పెట్టకుండా, దాన్ని జాబితాలోనే మొదటి వరుసగా చేర్చండి.

• ఫ్లట్టర్‌లో (యాప్‌లు కట్టే గూగుల్ సాధనం) కాలమ్ అనే నిలువు వరుస లోపలి లిస్ట్‌వ్యూను, అంటే జాబితాను, మిగిలిన చోటంతా ఇచ్చే ఎక్స్‌పాండెడ్‌లో ఉంచండి. ఎత్తుకు హద్దు లేకపోతే లేఅవుట్ విఫలమవుతుంది. జాబితాను దాని వరుసల మొత్తం ఎత్తుకు సరిపెట్టే ష్రింక్‌వ్రాప్ పెడితే ఆ ఎర్రర్ పోతుంది గానీ, పైన చెప్పిన జబ్బే తిరిగి వస్తుంది. నేనైతే దాన్ని చిన్న జాబితాలకే వాడతాను.

• ఆండ్రాయిడ్ స్క్రోల్‌వ్యూకు నేరుగా ఒకే చైల్డ్ (లోపలి భాగం) ఉండాలి. రెండోది చేరిస్తే యాప్ క్రాష్ అవుతుంది.

• కీబోర్డు తెరిచి ఫారంలో చివరి గడి నింపి చూడండి. ‘సమర్పించు’ బటన్ తరచూ కీబోర్డు వెనకే దాక్కుంటుంది.

• ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్ ఆ వెర్షన్‌లో తెర అంచుల దాకా పరుచుకుంటుంది. చివరి వరుస నావిగేషన్ బార్ కింద చిక్కకుండా అడుగున ప్యాడింగ్ (ఖాళీ చోటు) ఇవ్వండి.

• ఆండ్రాయిడ్ 14 నుంచి ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలను 200 శాతం దాకా పెంచుకోవచ్చు. స్క్రోల్ అక్కర్లేదనుకున్న స్క్రీన్‌నే ముందు అలా పరీక్షించండి.